గురుస్వామి తాగిన డీజిలు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దారిలో, శిరివెళ్ల ఇంకా రాకముందే, ఒక మూతబడిన పెట్రోలు బంకు ఉంది. చీకటి పడ్డాక దాని ముందు పాత డీజిలు బండి ఆపితే మళ్లీ స్టార్టు కాదని పేరు. ఎందుకు కాదంటే… గురుస్వామి డీజిలు తాగేస్తాడట.

గురుస్వామి ఆ బంకులో పంపు దగ్గర పనిచేసినవాడు. ఏదో జ్వరం వచ్చి అక్కడే, ఆ గదిలోనే పోయాడు. తర్వాత బంకు మూతబడింది గానీ గురుస్వామి మాత్రం డ్యూటీ దిగలేదు — ఇదీ జనం చెప్పుకునే మాట. కొత్త బండ్ల జోలికి పోడు. తాను బతికుండగా డీజిలు పట్టిన పాత బండ్లంటేనే మోజు. అవి కూడా ఆళ్లగడ్డ వైపు పోయేవైతేనే. నంద్యాలకు పోయేవాటిని ముట్టుకోడు. సొంతూరు ఆళ్లగడ్డ కాబట్టి ఇంటికి పోదామని ఆశ అట. దెయ్యానికి ఇన్ని పట్టింపులు ఉంటాయని ఈ కథ వినేదాకా నాకు తెలియదు.

అందుకని ఆ దారిలో ఒక ఆనవాయితీ ఏర్పడింది. పగలు అక్కర్లేదు; చీకటి పడ్డాక మాత్రం బంకు ముందు బండి ఆపాలి. ఇంజను ఆర్పాలి — బంకులోకి వచ్చి ఇంజను ఆర్పకపోతే గురుస్వామికి బతికున్నప్పుడే కోపం. పంపు దిమ్మె మీద ఒక బీడీ ముట్టించి పెట్టి, అది ఆరిపోయేదాకా నిలబడి, దండం పెట్టుకుని కదలాలి. పెట్రోలు బంకులో బీడీ ముట్టించడమేమిటని అడగకండి. నేనూ అడిగాను. చెప్పినవాడు నన్ను ఎగాదిగా చూశాడు.

చెప్పినవాడు గిరీశ్. నంద్యాలలో నా అంగడి పక్కనే ట్రాక్టరు స్పేర్ పార్టుల అంగడి అతనిది. ఇది అతనికీ, అతని మామ శేషయ్యకూ జరిగింది.

శేషయ్య ఆళ్లగడ్డలో సేద్యం చేసే మనిషి. ఆయనకో డీజిలు కారు ఉంది. మూడు లక్షల కిలోమీటర్లు దాటాక మీటరు తిరగడం మానేసింది గానీ, శేషయ్య నడపడం మానలేదు. కూతురు భార్గవి గిరీశ్ ఇంటికి పెండ్లికూతురై పోయింది ఆ కారులోనే. దాన్ని ఎవరైనా డబ్బా అంటే, ఆ మనిషి ఇంట్లో ఆయన మంచినీళ్లు కూడా ముట్టడు.

అలాంటి కారు ఈ మధ్య మూడుసార్లు ఆ బంకు ముందు మొండికేసింది. మూడుసార్లూ ట్రాక్టరుకు కట్టి ఈడ్చుకొచ్చారు. మూడోసారి శేషయ్య భార్య మహానందమ్మ కూడా అందులో ఉంది. తాడు కట్టిన కారులో కూర్చుని, తెలిసినవాళ్లంతా చూస్తుండగా, బజారు మధ్యలో ఊరేగింది. ఇంటికి రాగానే తేల్చి చెప్పేసింది.

"నేనింక దాంట్లో కాలు పెట్టను. ఇంకొక్కసారి ట్రాక్టరు ఎనకాల వచ్చిందంటే, తెల్లారే పాత ఇనుమోనికి ఏసేస్తా."

ఆ ఇంట్లో మహానందమ్మ మాటకు తిరుగులేదు. శేషయ్యకు అన్నం సయించలేదు. కారును నంద్యాలకు తెచ్చి అల్లుడికి అప్పగించాడు. మెకానిక్కు చూశాడు. తాళం తిప్పీ తిప్పకముందే స్టార్టయింది. పొద్దున అయింది, సాయంత్రం అయింది. "దీనికేం రోగం లేదన్నా" అని పంపించేశాడు. అల్లుడు నడుపుతుంటే మామ పక్కన కూర్చుని, చీకటి పడ్డాక ఆళ్లగడ్డకు బయల్దేరారు.

బంకు కనిపించగానే శేషయ్య గొంతు తగ్గించాడు.

"ఆపప్పా."

"వద్దు మామా. ఇట్లనే పోదాం."

"మొక్కకుండా పోతే ఇంకా కోపం వస్తాది. ఆపు."

మామ మాట తీసేయలేక గిరీశ్ ఆపాడు. ఇంజను ఆర్పాడు. రోడ్డు అక్కడ మెట్ట ఎక్కుతుంది కాబట్టి కారు ముక్కు పైకెత్తుకుని నిలబడింది. చుట్టూ శనగ చేలు. పంపులు ఊడదీసిన దిమ్మె… తలుపు లేని గది… శేషయ్య బీడీ ముట్టించి దిమ్మె మీద పెట్టాడు. ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. బీడీ కొసన నిప్పు ఎర్రగా… మెల్లగా… కిందికి దిగుతోంది.

అప్పుడు కారు కింద నుంచి ఒక చప్పుడు. గుటక… గుటక… ఎవరో బాగా దప్పికతో తాగుతున్నట్టు.

శేషయ్య అల్లుడి చేయి గట్టిగా పట్టుకున్నాడు. "ఇంటాండావా?"

"ఇంటాండా."

బీడీ ఆరిపోయింది. ఇద్దరూ గబగబా కారెక్కారు. గిరీశ్ తాళం తిప్పాడు. సెల్ఫు మోటరు గిర్రున తిరిగింది. ఇంజను అందుకోలేదు. మళ్లీ తిప్పాడు. మళ్లీ అంతే.

"ఒక్క బీడీ చాల్లేదేమో…" అని గొణిగి, శేషయ్య దిగిపోయాడు. ఆ గొంతు విని తనకు ఏడుపొచ్చినంత పనైందని గిరీశ్ చెప్పాడు.

గిరీశ్‌కు భయంగానే ఉంది. కానీ పాత ఇనుమోని ముందు మామ ఎలా నిలబడతాడో తలుచుకుంటే భయం కాస్త పక్కకు తప్పుకుంది. ఆలోచించాడు. లైట్లు బాగా వెలుగుతున్నాయి, సెల్ఫు జోరుగా తిరుగుతోంది — బ్యాటరీ కాదు. ఇంతదూరం వచ్చిన ఇంజను వేడిగానే ఉంది — హీటరు ప్లగ్గులూ కాదు. ఇక చూడాల్సింది పొగ. తాళం తిప్పినప్పుడు వెనక పొగ వస్తే డీజిలు ఇంజనుకు చేరుతున్నట్టు. రాకపోతే చేరడమే లేదన్నట్టు. అద్దం దించి మెల్లగా అడిగాడు.

"మామా, తిప్పుతాండా. ఎనకాల పొగ వస్తాందేమో చూడు."

తిప్పాడు. వెనక నుంచి జవాబు వచ్చింది.

"లేదప్పా… డీజిలు పైకి ఎక్కలా."

గిరీశ్‌కు దారి దొరికింది. దిగి బానెట్టు ఎత్తాడు. ఫిల్టరు దగ్గర చేత్తో కొట్టే చిన్న పంపు ఉంటుంది. నొక్కితే మెత్తగా దిగిపోయింది. లోపల డీజిలు లేదు, అంతా గాలే. ఈలోపు శేషయ్య వచ్చి ఫోను లైటు పట్టుకున్నాడు.

"తాగేసినాడు" అన్నాడు గుసగుసగా.

గిరీశ్ పంపు కొట్టాడు. కొట్టగా కొట్టగా డీజిలు ఎక్కి గట్టిపడింది. అప్పుడు, ఫిల్టరులోకి వచ్చే రబ్బరు పైపు కొసన, క్లిప్పు కింద… తడి. వేలితో తుడిచాడు. మళ్లీ తడి. క్లిప్పు వదులు చేసి చూస్తే, వెంట్రుకంత చీలిక.

అతనికి అక్కడే నవ్వొచ్చిందట. ట్యాంకు వెనక ఉంది, ఇంజను ముందుంది. మెట్ట మీద ముక్కెత్తి ఆపితే ఆ చీలికలోంచి గాలి దూరుతుంది. పైపులోని డీజిలంతా గుటక గుటకమంటూ ట్యాంకులోకి జారిపోతుంది. నంద్యాలకు పోయేవాళ్లు ఆ మెట్ట దిగుతూ ఆపుతారు, వాళ్లకేమీ కాదు. కొత్త బండ్ల పైపులకు చీలికలుండవు, వాటికీ కాదు. బీడీ ఆరేదాకా అక్కడ నిలబడడమంటే, డీజిలు పూర్తిగా జారేదాకా ఆగడమే. గురుస్వామి పట్టకూడదని అందరూ ఏ మొక్కు మొక్కుతున్నారో, ఆ మొక్కే బండ్లను ఆపుతోంది.

బ్లేడుతో చీలిన ముక్క కోసేసి, పైపు ఎక్కించి, క్లిప్పు బిగించి, మళ్లీ పంపు కొట్టాడు. తాళం తిప్పగానే ఇంజను దడదడమని అందుకుంది. శేషయ్య బానెట్టు మీద చేయి వేసి అలాగే ఉండిపోయాడు. ఆయన కండ్లలో నీళ్లు.

"ఆర్పుతా మామా" అన్నాడు గిరీశ్.

"పిచ్చా నీకు? ఏందీ ఆర్పేది? పోదాం పా."

"ఇప్పుడు ఆర్పి చూడకపోతే రేపు మళ్లా గురుస్వామే అంటావు."

ఆర్పాడు. ఇంకో బీడీ కాలేంతసేపు ఇద్దరూ కారులోనే ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. ఈసారి కింద ఏ చప్పుడూ లేదు. తాళం తిప్పితే ఒక్క తిప్పుకే స్టార్టయింది.

కారు తనంతట తానే నడిచి ఇంటి వాకిట్లోకి వచ్చింది. ముందర ట్రాక్టరు లేదని మహానందమ్మ తొంగి తొంగి చూసుకుని, ఇద్దరికీ అన్నం పెట్టింది. శేషయ్య పందెంలో గెలిచిన ఎద్దును తోలుకొచ్చినట్టు కథంతా చెప్పాడు. చీలిక, గాలి, మెట్ట. దెయ్యం లేదు, గియ్యం లేదు.

"మీ ఇద్దరే కనుక్కున్నారా ఇదంతా?" అంది మహానందమ్మ.

గిరీశ్ మామకు కొంచెం పేరు తెద్దామనుకున్నాడు. "మామదే అత్తా అంతా. బండి ఎనకాల నిలబడి పొగ రాలేదని చూసి చెప్పినాడు. లేకుంటే నేను ఆ పైపు కాడికే పోయేవాణ్ని కాదు."

శేషయ్య కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది.

"నేను బండి ఎనక్కి పోలేదే…" అన్నాడు మెల్లగా. "దిమ్మె కాడ బీడీ ముట్టిస్తాంటి. అగ్గిపుల్ల గాలికి ఆరిపోతాంటే… డీజిలు పైకి ఎక్కలా అన్న మాట నాక్కూడా ఇనిపించె. నువ్వు ఫోన్‌లో అడిగితే మెకానిక్కు చెప్తాండాడేమో అనుకుంటి."

వాకిట్లో ఇంజను చల్లబడుతూ టిక్కు… టిక్కు… మంటోంది.

మహానందమ్మే ముందు తేరుకుంది. కొంగుతో చేయి తుడుచుకుంటూ కారు వైపు చూసింది.

"పాపం, చెయ్యని పనికి ఇన్నేండ్లు మాట పడినాడు ఆయప్ప" అంది. "పొద్దున్నే బండి తియ్యి. నేనూ ఎక్కుతా. ఆడ ఆపి, ఆయప్పకు తప్పయిందని చెప్పి రావల్ల."