లాంప్ రూమ్ గోడ పక్కన ఆగిన బండి

కాసిపేట నుంచి బెల్లంపల్లి పోయే దారిలో మూతపడ్డ బాయి ఒకటుంది. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటాం. కార్మికులకు దీపాలిచ్చే దాని లాంప్ రూమ్ గోడ ఒక్కటీ ఇంకా నిలబడి ఉంది. చీకటి పడ్డాక ఆ గోడ పక్కన బండి ఆపకూడదు. ఆపితే ఒకడు తలుపు తడతాడు... ఎప్పుడో లోపల గ్యాస్‌కు ఊపిరాడక పోయిన కార్మికుడట. తలుపు తీస్తే వచ్చి పక్కన కూర్చుంటాడట. ఉన్నవాళ్ల ఊపిరి తీసుకుంటాడట.

నమ్మనివాళ్ల కోసం సాక్ష్యం కూడా ఉంది. పోయిన చలికాలం అక్కడ పడుకున్న లారీ డ్రైవరు తెల్లారి లేవలేదు. ఒంటి మీద గీత లేదు. కేబిన్ అద్దాలు బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. మన జనానికి ఇంకేం కావాలి.

ఆ గోడ పక్కన ఒక రాత్రి జరిగింది నాకు సుజిత చెప్పింది. ఆమె, భర్త శాంతిరాజ్ ఊరూరా తిరిగి రగ్గులు, దుప్పట్లు అమ్ముతారు. చిన్న ట్రక్కు, దాని మీద ప్లైవుడ్‌తో కట్టిన గది. అదే దుకాణం, అదే ఇల్లు. శాంతిరాజ్ తండ్రి దావీదు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేశాక పక్షవాతం కొట్టింది. మాట పడిపోయింది, ఎడమ చెయ్యి ఒక్కటే ఆడుతుంది. చూసుకునేవాళ్లు వేరే లేరు గనక ఆయన్నీ బండిలోనే తిప్పుతున్నారు.

ఈ చలికాలం, డిసెంబర్‌లో ముసలాయనకు దగ్గు ముదిరింది. దవాఖానలో ఒకటే మాట చెప్పారు... ఇంకోసారి ఛాతీకి చలి తగిలితే మనిషి దక్కడు.

శాంతిరాజ్ బేరాలు మానేసి గదిని చలికి తయారు చేయడం మొదలుపెట్టాడు. చెక్కల సందుల్లో గోనెసంచి ముక్కలు కుక్కాడు. వాటి మీద మైదా జిగురుతో కాగితాలు అంటించాడు. కప్పు కింద థర్మోకోల్, కప్పు పైన టార్పాలిన్. తండ్రి పడుకునే మూలకు మందపాటి రగ్గు తెరలా కట్టాడు. తలుపు కింది సందులో సుజిత పాత చీర. చీమ దూరే సందు లేకుండా చేశాడు.

"ఇగ బాపుకు ఏం ఫికర్ లేదు," అన్నాడు.

ఆ సాయంత్రమే బండి మొరాయించింది. సరిగ్గా లాంప్ రూమ్ దగ్గర. మెకానిక్‌కు ఫోన్ చేస్తే పొద్దున వస్తానన్నాడు. గాలి కోసేస్తోంది. గోడ చాటుకు బండి నెట్టక తప్పలేదు.

"గీడనా?" అంది సుజిత.

"ఏం జేద్దాం మరి? గాలికి పెడితే బాపు తెల్లారేదాక ఉండడు."

కుంపటిలో బొగ్గు బయటే రాజేశాడు. పొగంతా పోయి నిప్పులు ఎర్రబడేదాకా ఆగి, అప్పుడు లోపలికి తెచ్చాడు. మా క్వార్టర్లలో అందరూ చేసేది అదే. పొగ పోతే కీడు పోయినట్టేనని మా లెక్క.

కుంపటిని చూసి దావీదు చెయ్యి ఊపాడు. గట్టిగా ఊపాడు.

"బాపుకు బాగా సలి పెడుతున్నట్టుంది." శాంతిరాజ్ కుంపటిని ఇంకాస్త దగ్గరికి జరిపాడు. తెర దించాడు. తలుపు గడియకు తాడు కూడా బిగించి లైటు ఆర్పేశాడు.

వెచ్చగా ఉంది. ఎన్నాళ్లకో వెచ్చగా ఉంది...

దడ్.

సుజిత కళ్లు తెరిచింది.

దడ్... దడ్...

"ఇంటున్నవా?"

"సప్పుడు చెయ్యకు." శాంతిరాజ్ ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు. "తియ్యద్దు."

చప్పుడు ఎటు నుంచి వస్తోందో తెలియడం లేదు. చెక్కపెట్టె కదా, అంతా మోగుతోంది. శాంతిరాజ్ పాక్కుంటూ పోయి తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

సుజితకు తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది. కాళ్లు తనవి కానట్టు ఉన్నాయి.

"వచ్చిండు," అంది మెల్లగా. "లోపలికి వచ్చిండు... నా పానం గుంజుతున్నడు."

"ప్రార్థన చెయ్యి."

మాటలు రాలేదు. చిన్నప్పటి నుంచి రోజూ చెప్పుకున్న మాటలు — ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఆమెకు ఏడుపొచ్చింది.

దడ్ దడ్ దడ్ దడ్ —

ఇప్పుడు ఆగకుండా... కోపం వచ్చినట్టు. తర్వాత నెమ్మదించింది. ఒకటి... చాలాసేపటికి ఇంకొకటి...

ఆగిపోయింది.

"ఏమయ్య..." అంది సుజిత. శాంతిరాజ్ తల వాలిపోయి ఉంది. పలకలేదు.

ఇక చావు ఖాయమనుకుంది. అంతలో నోటిదాకా వాంతి వచ్చింది. ఆ క్షణాన ఆమెకు తట్టిన ఆలోచన ఒక్కటే — కొత్త రగ్గుల మీద కక్కితే ఎవరు కొంటారు? దెయ్యం ఎదురైనా సరే, బయటే కక్కుకోవాలి. మూటలు విప్పే కత్తెర తడుముకుని తీసి తాడు కోసింది. గడియ లాగింది. తలుపుకు ఆనుకున్న మొగుడితో పాటు తనూ బయట పడింది.

ఎవరూ లేరు.

చలి ఒక్కటే ఉంది. ఇన్నాళ్లూ దేన్ని లోపలికి రాకుండా చూశారో, ఆ చలిగాలే ఇద్దరి ముక్కుల్లోకీ దూరింది. కాసేపటికి శాంతిరాజ్ కదిలాడు. "బాపూ..." అంటూ మళ్లీ లోపలికి పాకి, తెర లాగి పడేశాడు.

దావీదు ఎడమ చెయ్యి గది చెక్కగోడకే ఆనుకుని ఉంది. ప్లైవుడ్ మీద నెత్తురు మరకలు. వేలి కణుపులు చిట్లిపోయాయి. పక్కనే కాగితం చిరిగి, ఒక సందులోని గోనె ముక్క సగం బయటికి వచ్చి ఉంది. అందులోంచి సన్నగా చలిగాలి ఆయన మొహానికి తగులుతోంది.

బతుకంతా బాయిలో గడిపినవాడు. పొగ లేకున్నా, వాసన లేకున్నా నిప్పుల గ్యాస్ మనిషిని ఎట్లా తీసుకుపోతుందో ఆయనకు తెలుసు. చెప్పడానికి నోరే లేదు.

ఉన్న రగ్గులన్నీ కప్పి ఆయన్ని బయట ఒడిలో పెట్టుకున్నారు. తెల్లవారాక దవాఖానకు చేర్చారు. దక్కాడు.

అన్నట్టు, ఆ లారీ డ్రైవరు కేబిన్‌లో కూడా కుంపటి ఉందట. ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పుకోలేదు.

మొన్న వాళ్లు బెల్లంపల్లి వస్తే, అక్కడ నిజంగా దెయ్యం ఉందా అని శాంతిరాజ్‌ను అడిగాను. దుప్పటి మడతపెడుతూనే చెప్పాడు.

"ఉండె అన్న. తలుపుకు ఈపు పెట్టి కూసున్నది... నేనే."

బండిలో దావీదు పడుకునే మూల నుంచి దడ్‌మని చప్పుడైంది. చేతిలో దుప్పటి అక్కడే పడేసి శాంతిరాజ్ ఉరికాడు.