పావుగంటకోసారి కూలే సర్వర్

వెనక తలుపు మూసుకోగానే మాస్టారి గుండె జారిపోయింది. ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక డిటెక్టివ్ మేడమ్ దగ్గర సహాయకుడిగా కుదిరిన ఆ పెద్దమనిషికి దొంగలన్నా హంతకులన్నా లెక్కలేదు గానీ, కిటికీ లేని గదులంటే మాత్రం చచ్చేంత భయం. ఈ గదికి కిటికీ లేదు. వరసగా యంత్రాలు, వాటి హోరు, ఎముకలు కొరికే చలి, ముగ్గురు మనుషులు.

మేడమ్‌ను పిలిపించిన ఆవిడ ఎదురొచ్చింది. ఆ సంస్థలో మెయిల్ సర్వర్ చూసే ఉద్యోగి. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"పొద్దుట్నుంచీ మా నేమ్ సర్వర్ కూలిపోతోందండీ. లాగ్‌లో, అదే సర్వర్ రాసుకునే చిట్టాలో చూస్తే, కూలే ముందు వచ్చిన చివరి ప్రశ్న ప్రతిసారీ నా మెయిల్ మెషీన్ నుంచే! ఒట్టండీ, నేనేం చెయ్యలేదు."

"నేమ్ సర్వర్ అంటే ఏమిటమ్మా?" అన్నాడు మాస్టారు.

"పేరు చెబితే చిరునామా చెప్పేదండీ. ఇక్కడ ప్రతి మెషీనూ దాన్ని అడిగాకే పని చేస్తుంది. అది పడిపోతే మెయిల్ ఉండదు, ఫోన్లుండవు, తలుపులు కూడా తెరుచుకోవు."

ఆమె నోట్లో మాట నోట్లో ఉండగానే తలుపు పక్కన పచ్చదీపం ఎర్రబడింది. మాస్టారు పరుగున వెళ్ళి పిడి లాగాడు. తలుపు కదిలితే ఒట్టు.

"పక్కనున్న ఆ ఎమర్జెన్సీ మీట మాత్రం ముట్టుకోకండి, తలుపు తెరుచుకున్నా యంత్రాలన్నిటికీ కరెంటు పోతుంది" అని ఆమె పై మేనేజరు అరిచాడు. అరిచి, సర్వర్‌ను మళ్ళీ లేపే పనిలో పడ్డాడు. "ఇది లేచి పని అందుకోవడానికి తొమ్మిది నిమిషాలు. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది, ఇన్‌స్పెక్టరు గారు వచ్చి ఈమెను తీసుకెళతారు. ఫిర్యాదు రాసిచ్చేశాను."

తలుపు అద్దంలోంచి ఇన్‌స్పెక్టరు కనబడుతున్నాడు. చేతులు కట్టుకుని దీపం వంకే చూస్తున్నాడు. ఆ తలుపు తెరుచుకోకపోతే తన ఊపిరి ఆగేలా ఉంది, తెరుచుకుంటే ఈ అమ్మాయి జైలుకు పోయేలా ఉంది. ఏది కోరుకోవాలో మాస్టారికి పాలుపోలేదు.

మేడమ్ మాత్రం సొంత ఇంట్లో కూర్చున్నట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సర్వర్‌ను ఇలా కూల్చవచ్చని ముందే తెలుసా?"

మేనేజరు నీళ్ళు నమిలాడు. "మూడు వారాల కిందట సర్వర్ తయారుచేసినవాళ్ళ నుంచి నోటీసొచ్చింది. ఒక రకం వంకర ప్రశ్న అడిగితే సర్వర్ కుప్పకూలుతుందని. సరిచేద్దామంటే సర్వీసు ఆపాలి. తీరికేదీ?"

"నేను మూడుసార్లు మొత్తుకున్నాను. ఈయన చెవిన వేసుకోలేదు" అన్నాడు మూలనున్న మూడో మనిషి. సర్వర్లలో లోపాలు వెతికే సెక్యూరిటీ టెస్టరు, ఆమెకు స్వయానా అన్నయ్య.

"పాపం, అన్నయ్యే నాకు ధైర్యం చెబుతున్నాడండీ" అంది చెల్లెలు. "మొదటిసారి పడినప్పుడే, 'కంగారు పడకు చెల్లీ, ఒక్కసారి లేపితే చాలు, మళ్ళీ పడదు' అన్నాడు. మళ్ళీ పడేసరికి తనూ తెల్లబోయాడు."

మేడమ్ లాగ్ కాగితం మాస్టారి చేతికిచ్చింది. చెమట పట్టిన ఆ ముఖంలోకి ఒక్కసారిగా కళ వచ్చింది. "పదీ పది, పదీ ఇరవై అయిదు, పదీ నలభై, ఇప్పుడు పదీ యాభై అయిదు! అచ్చం పావుగంటకోసారి. సెకను తేడా లేదు!"

"మనిషికి అంత క్రమశిక్షణెక్కడిది మాస్టారూ? తుమ్ముకైనా ఆగుతాడు" అని మేడమ్ చెల్లెలి వైపు తిరిగింది. "అమ్మా, బయటినుంచి మెయిల్ వస్తే నీ మెషీన్ ముందుగా ఏం చేస్తుంది?"

"పంపినవాళ్ళ చిరునామా నిజమైనదేనా అని నేమ్ సర్వర్‌ను అడుగుతుంది."

"జవాబు రాకపోతే?"

"ఆ మెయిల్‌ను క్యూలో పెట్టి, పావుగంట ఆగి మళ్ళీ..." ఆమె గభాలున తన తెర వైపు తిరిగింది.

"అందరూ కూర్చోండి. ఎలాగూ ఎక్కడికీ పోలేరు" అంది మేడమ్. "ఎవరో ఒక మెయిల్ పంపారు. ఒక్కటే. పంపినవాడి చిరునామాలోనే వంకర పెట్టారు. దాన్ని సరిచూడబోయి మెయిల్ సర్వర్ ఆ ప్రశ్న అడిగింది, నేమ్ సర్వర్ కూలింది. జవాబు రాలేదు కాబట్టి పావుగంటకు మళ్ళీ అడిగింది. మీరు లేపుతూ పోయారు, అది అడుగుతూ పోయింది. పంపినవాడికి నేమ్ సర్వర్ సంగతి బాగా తెలుసు, మెయిల్ సంగతి తెలియదు. అందుకే ఒక్కసారే పడుతుందనుకున్నాడు. అనుకోవడమే కాదు, పైకే అనేశాడు."

చెల్లెలు అన్నయ్య వైపు తిరిగింది.

"ఒక్కటే పంపాను" అన్నాడు అన్నయ్య నెమ్మదిగా. "ఒక్క కుదుపిస్తే ఈయనకు బుద్ధొస్తుందనుకున్నాను. మళ్ళీ మళ్ళీ ఎవరు చేస్తున్నారో నాకూ అర్థం కాలేదు."

చెల్లెలు క్యూ తెరిచింది. ఆ మెయిల్ అక్కడే ఉంది. నాలుగు ప్రయత్నాలు, అయిదోది పదకొండూ పదికి.

"చెరిపేస్తే సర్వర్ ఇక కూలదు" అంది మేడమ్. "కానీ లాగ్‌లో నీ మెషీన్ పేరే మిగులుతుంది. చెరపకుండా పక్కకు తీసి దాస్తే సర్వరూ బతుకుతుంది, నువ్వూ బయటపడతావు, కానీ మీ అన్నయ్య మీద అదే సాక్ష్యమవుతుంది. నిర్ణయం నీదే. తలుపు తెరుచుకోవడానికి ఇంకా రెండు నిమిషాలుంది."

మాస్టారికి తన భయం గుర్తే లేదు. వెళ్ళి ఆ పిల్ల పక్కన నిలబడ్డాడు.

"అన్నయ్యా" అంది చెల్లెలు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "సార్ నా మీద ఫిర్యాదు రాసేటప్పుడు నువ్వు పక్కనే ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాడతను.

"చదివావా?"

"చదివాను. నోరు పెగల్లేదు చెల్లీ."

ఆమె మెయిల్‌ను చెరపలేదు. పక్కకు తీసి దాచింది.

పచ్చదీపం వెలిగింది. ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చి, "ఎవరు?" అన్నాడు. మేడమ్ పెదవి విప్పబోయింది గానీ, అన్నయ్యే ముందుకు నడిచాడు. "మూడు వారాలు ఆ నోటీసు మీద కూర్చున్న మీరూ కదలండి, జవాబు చెప్పుకోవాలి" అని మేడమ్ మేనేజరును కూడా లేపింది.

"పదమ్మా, ఇంటికి దిగబెడతాం. తలుపు తెరిచే ఉంది" అన్నాడు మాస్టారు.

ఆమె లేవబోయి, అన్నయ్య వెళ్ళిన ఆ తలుపు వంక చూసి, మళ్ళీ కుర్చీలో కూర్చుండిపోయింది.