మూడు చుక్కల గుర్తు

ఆళ్లగడ్డలో తనంత వినయం గలవాడు లేడని గురుస్వామి నమ్మకం. అంత గొప్ప ముక్కు ఉండి కూడా దాని గురించి రోజుకు రెండుసార్లకు మించి చెప్పుకునేవాడు కాదు.

బట్టలుతికి ఇస్త్రీ చేసేవాళ్లంతా, ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి నల్లజీడిగింజ రసంతో లోపలివైపు గుర్తు పెడతారు. ఆ నల్లమచ్చ బట్ట చిరిగేదాకా పోదు. ఒంటికి తగిలితే పుండు పడుతుంది. గురుస్వామికి ఆ బాధే లేదు. చొక్కాను ముక్కుకు ఆనించుకుని, "ఇది బజ్జీలాయనది. ఇది నశ్యం పీల్చే అయివారిది" అనేవాడు. పదిసార్లలో తొమ్మిదిసార్లు నిజమయ్యేది. పదోసారి అయివారు బజ్జీలాయన చొక్కాతో బడికి పోయేవాడు.

అట్లాంటి ముక్కుకు ఒకటే వాసన పడదు. తోడల్లుడు తిరుపాలుది.

తిరుపాలు గురుస్వామి మరదలు నాగమణి మొగుడు. నంద్యాలలో లాండ్రీ పెట్టాడు. ఎక్కడినుంచో పేరూ ఊరూ రాయని నీలం డబ్బా ఒకటి తెచ్చి, చివరి జాడింపు నీళ్లలో అందులోని మందు మూతెడు పోసేవాడు. బట్ట సంపంగి తోటలో ఆరినట్టు ఘుమఘుమలాడేది. ఏడాది తిరగకుండానే ఆళ్లగడ్డ బట్టలు మూటలు కట్టుకుని నంద్యాల బస్సెక్కాయి. ఆ బస్సు హారను వినపడితే చాలు, గురుస్వామికి కడుపులో మంట. గ్యాసని చెప్పి సోడా తాగేవాడు.

"నీ ఇస్త్రీకి వంక పెట్టలేం గురుస్వామీ," అంది ఒకరోజు రంగనాయకమ్మ టీచరు. "వాసనే... నీ బట్టకు బొగ్గు వాసన వస్తాది."

ఆ పూట రెండు సోడాలు తాగాడు.

నాగమణి లాండ్రీలో, ఆ సంపంగి మందు వాడే గదిలో మూడేండ్లు పని చేసింది. బట్టలకు గుర్తులు పెట్టేది ఆమే. తన ఇంటి బట్టలకు మూడు చుక్కలు, వరసగా. "ఈ మూడు చుక్కలు పడిన బట్ట యాడికి పోయినా నా ఇంటికే వస్తాది బావా," అనేది. మొదట ఆమె చేతులు దురద పెట్టాయి. తర్వాత తలనొప్పి. తర్వాత దగ్గు. రెండు పొట్టి దగ్గులు, ఒక పొడుగు దగ్గు. డాక్టరు ఆ నీలం డబ్బా తెప్పించి చూసి, "ఇందులో ఏముందో దీనిమీద రాసి లేదు. ఇదే కారణమని నేను చెప్పలేను. కానీ ఆమెను ఆ గదిలోకి పంపొద్దు," అన్నాడు. ఇంతలో వానలొచ్చాయి. బట్టలు లోపలే ఆరేసి, వాసన పోకుండా తలుపులు మూశారు. ఆ వానాకాలం నాగమణి దాటలేదు. అది తొంభై తొమ్మిదిలో.

మరుసటేడు ఆమె సంవత్సరీకానికి గురుస్వామి, పెండ్లాం నరసమ్మతో నంద్యాల పోయాడు. నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూనే పెరట్లో మూల చూశాడు. నీలం డబ్బా. సగం పైనే ఉంది.

"అది ముట్టుకోవద్దన్నా," అన్నాడు తిరుపాలు, వెనకనుంచి. "ఆమె పోయినాక నేను ఒట్టి సబ్బుతోనే ఉతుకుతాండా. పారబోద్దామంటే యాడ పారబోయాలో తెలీక ఆడ పెట్టినా."

గురుస్వామి తలాడించాడు. మనసులో మాత్రం, 'వీడు నాకు దక్కకూడదని ఎన్ని చెప్తాండాడో' అనుకున్నాడు. తిరుపాలు భోజనాలకు ఆకులు వేయడానికి లోపలికి పోగానే డబ్బా తువ్వాల్లో చుట్టుకున్నాడు.

బస్సులో శిరివెళ్ల దాటేసరికి అందరి ముక్కులూ లేచాయి.

"ఎవరప్పా పెండ్లికొడుకు?" అన్నాడు కండక్టరు.

నరసమ్మ కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆమెకు చెల్లెలి వాసన తెలియదా? ఇల్లు చేరినాక ఒకటే మాట అంది. "దాన్ని మింగింది చాల్లేదా?"

కార్తీకంలో తుఫాను పట్టింది. మూడు రోజులు ఎడతెగని వాన. రుద్రవరం పెండ్లివాళ్ల బట్టలు గురుస్వామి దగ్గర ఉన్నాయి. సాయంత్రానికి ఇవ్వాలి. పెండ్లిలో ఊరు ఊరంతా వాసన చూసి, "ఇది నంద్యాలది కాదు, మన గురుస్వామిది" అనాలి. మూతెడు కాదు, నాలుగు మూతలు పోశాడు.

గదిలో ఆ గోడకూ ఈ గోడకూ తాళ్లు కట్టి బట్టలు ఆరేశాడు. వాకిలి మూశాడు. కిటికీ సందుల్లో గోనెసంచి కుక్కాడు. వాన వాసన లోపలికి రాకూడదు, సంపంగి బయటికి పోకూడదు. మిట్టమధ్యాహ్నమే. కరెంటు లేదు. ఇస్త్రీపెట్టెలో బొగ్గుల ఎరుపు తప్ప వెలుతురు లేదు. వేడిపెట్టె తడిబట్టను తాకినప్పుడల్లా తెల్లటి ఆవిరి. మొదట సంపంగి. దానికింద రంగుల డబ్బా వాసన. దానికింద ఇంకేదో... తియ్యగా, గొంతులో అతుక్కునేది.

మడతలు పెడుతున్న నరసమ్మ దగ్గింది.

"వాకిలి కొంచెం తీ," అంది.

"ఇంగొక్క గంట. ఓర్చుకో."

పెండ్లికూతురి అన్న చొక్కా ఏదో చూద్దామని గురుస్వామి ఒకటి ముక్కుకు ఆనించుకున్నాడు. సంపంగి. ఇంకొకటి. సంపంగి. ముసలాయన పంచె, పసిపిల్ల గౌను, అన్నీ ఒకే మనిషివైనట్టు ఉన్నాయి. జన్మలో మొదటిసారి ఎవరి బట్ట ఎవరిదో తెలియలేదు.

అప్పుడు మళ్లీ దగ్గు వినపడింది.

రెండు పొట్టివి. ఒకటి పొడుగుది.

"నీళ్లు తాగుపో," అన్నాడు.

"నేను దగ్గలేదు," అంది నరసమ్మ.

వాన హోరు. తాళ్లమీద బట్టలు కదిలాయి. గాలి లేదు... కిటికీ మూసే ఉంది. చివరి తాడుమీద చీర ఒకటి కడుపు ఎగరేసింది. దించింది. మళ్లీ ఎగరేసింది. ఊపిరి అందనివాళ్లు చేసినట్టు.

ఉల్లిపొర రంగు చీర. పెండ్లివాళ్లు ఇచ్చింది కాదు. అతను తడిపింది కాదు.

కొంగు మూల పట్టుకుని బొగ్గుల వెలుగులో చూశాడు. మూడు చుక్కలు. పక్కన పంచె తిప్పాడు. మూడు చుక్కలు. చొక్కా. గౌను. అన్నిటికీ... తడి ఆరని నల్లచుక్కలు. అతని ఇంట్లో జీడిగింజే లేదు.

"బావా."

చెవి పక్కన. ఆవిరి తగిలినంత మెల్లగా.

"వాకిలి తీ... బావా."

అతని చెయ్యి గడియమీదికి పోయింది. పోయి, ఆగింది. తీస్తే వాసనంతా పోతుంది. పెండ్లిలో ఎవరూ ఏమీ అనరు. మళ్లీ అందరూ నంద్యాల బస్సుకే... ఎంతసేపు ఆగాడో అతనికి తెలియదు. వెనక ఇస్త్రీబల్ల కదిలిన చప్పుడు. నరసమ్మ మడతల మీదికి ఒరిగిపోయింది. నోరు తెరుచుకుని ఉంది. దగ్గు కూడా రావడంలేదు.

గడియ లాగాడు. వాన లోపలికి కొట్టింది. ఆమెను రెక్కపట్టి వీధిలోకి ఈడ్చి, బురదలో కూర్చోబెట్టాడు. చాలాసేపటికి ఆమెకు ఊపిరి తిరిగింది.

"చెల్లెలు నా మెడ వెనక చెయ్యి పెట్టింది," అంది.

"ఏందీ... తోసిందా, పట్టుకునిందా?"

నరసమ్మ మెడ వెనక తడుముకుంది.

లోపలికి పోయి చూస్తే ఉల్లిపొర చీర లేదు. బట్టలమీద చుక్కలూ లేవు. నరసమ్మ మెడ వెనక, రవిక అంచుకు కాస్త పైన, నల్లచుక్క ఒకటి ఉంది. పుండు లేదు. మంట లేదు. సబ్బుకు పోలేదు, కిరసనాయిలుకు పోలేదు.

ఆ తర్వాత గురుస్వామి మూసిన గదిలో పని చేయలేదు. బట్టలకు గుర్తులు పెట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకోక తప్పలేదు, ముక్కు పోయింది. పేడ దగ్గర నిలబడినా, చేపల అంగడి ముందు నిలబడినా ఒకటే సంపంగి.

నాలుగేండ్లు గడిచాయి. నంద్యాలలో తిరుపాలు ఒట్టి సబ్బుతోనే మళ్లీ నిలదొక్కుకున్నాడు. వాసన మందు ఒంటికి పడనివాళ్లు, పసిపిల్లల తల్లులు వెతుక్కుని పోతున్నారట. బస్సు హారను వినపడితే గురుస్వామికి ఇప్పటికీ సోడా కావాలి.

నీలం డబ్బా అటకమీదే ఉంది, మూడు సంచుల కింద. పారేయమని నరసమ్మ ఎన్నోసార్లు చెప్పింది. పారేస్తే తిరుపాలు చేతిలో పడుతుందేమో, వాడు మళ్లీ మొదలుపెడతాడేమో అని అతని భయం. అది తప్పుడు ఆలోచనని అతనికి తెలుసు. దాన్ని మానుకోవడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

మొన్న తొలివాన పడిన సాయంత్రం నరసమ్మ తల దువ్వుకుంటూ జుట్టు ముందుకు వేసుకుంది.

మెడ వెనక చుక్కలు రెండున్నాయి.