కట్ కాదు, కాపీ!

బాగేపల్లి దాటాక హైవే పక్కన ఆగి ఉన్న తెల్ల కారులో ఏజెంట్ పురుషోత్తమ్ చచ్చిపడి ఉన్నాడు. స్టీరింగ్ మీద తల. మెడ మీద సూదిమొనంత ఎర్ర చుక్క. పక్కన పెట్టిన టీ ఇంకా చల్లారలేదు.

వారం తర్వాత, చింతామణిలో ఒక విత్తనాల అంగడి. తలమీద చెంగు కప్పుకున్న రైతమ్మ ఒకామె లోపలికొచ్చింది.

"నారు ఉండాదా అప్పా?"

"టమాటాదా, రాగిదా?"

"ఎండకు వాడనిది."

కోడ్ సరిపోయింది. గల్లాపెట్టె దగ్గరి ముసలాయన కాలితో మీట నొక్కాడు. ఎరువుల మూటల వెనక గోడ పక్కకు జరిగింది. లోపలికి అడుగుపెట్టగానే ఆమె చెంగు దించేసింది. ఏజెంట్ కాంచన. పురుషోత్తమ్ భార్య, మిషన్లలో అతని పార్ట్‌నర్.

చీఫ్ కోదండరామ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"పురుషోత్తమ్ గుండీలో మైక్ ఉండె. చివరి నిమిషం ఆడియో ఈ పాత కంప్యూటర్‌లో పడింది. లాక్ అయి ఉండాది, ఇంకా ఎవురూ వినలేదు. హార్డ్ డిస్క్ ఇయ్యాలో రేపో పోతాది. ఫైల్స్ అన్నీ కొత్తదానికి మార్చల్ల. చంపించింది బ్లాక్ వైపర్, విదేశీ ముఠా. చంపిన చెయ్యి ఎవురిదో ఆ ఫైల్ చెప్పల్ల."

"మార్చేదెవురు సార్?"

"హెడ్ ఆఫీస్ నుంచి స్మిత వస్తాంది. డేటా ఎక్స్‌పర్ట్. నువ్వు గార్డ్. అమ్మా కాంచనా, పగ ఇంట్లో పెట్టి డ్యూటీ చెయ్యి."

"ఇంట్లో పాప ఉండాది సార్. పగను యాడ పెట్టేది?"



కాంచన పక్కకు పోయి చాకవేలులో ఉన్న అత్త అక్కయమ్మకు ఫోన్ చేసింది.

"అత్తా, పాపకు జొరం తగ్గిందా? తినిందా?"

"తినింది. ఇది మూడో ఫోను. నువ్వు పనికి పోయినావా, నాకు ఫోన్ చేసేకి పోయినావా?"

ఫోన్ పెట్టేశాక కూడా కాంచన మళ్ళీ నంబరు నొక్కబోయి ఆగింది. బిడ్డ పుట్టినప్పటి నుంచీ అంతే. మిషన్‌కు బయల్దేరిన ప్రతిసారీ పురుషోత్తమ్ గడపలో నిలబడి ఒకటే మాట ఎగతాళిగా అనేవాడు: "నేను రాకుంటే పాపను నువ్వు సాకు." ఆమె చెంబు విసిరేది. ఇప్పుడు విసరడానికి మనిషి లేడు.

స్మిత వచ్చింది. హైహీల్స్, నల్ల కళ్ళజోడు, గది నిండా సెంటు వాసన. వేలికి నీలం రాయి ఉంగరం. పుట్టింది బెంగళూరులో, మాట్లాడేది కన్నడం. తెలుగు మాత్రం పుస్తకం చదివినట్టు మాట్లాడుతుంది.

రెండు కంప్యూటర్లకూ మధ్య కేబుల్ పెట్టింది. కొత్తదానికి ఒక నల్ల పెన్‌డ్రైవ్ కూడా తగిలించింది. స్క్రీన్ మీద పచ్చ గీత కదిలింది. కాంచన ఆ గీత మీది అక్షరాలు చదివింది. కాపీ అని లేదు. మూవ్ అని ఉంది. అంటే పాతదాంట్లో తుడుచుకుంటూ పోతుంది.

కాంచన మెల్లిగా టేబుల్ కింది యూపీఎస్ పక్కకు జరిగింది.

ఎనభై శాతం. తొంభై.

"పాపం మీ వారు," స్మిత నిట్టూర్చింది. "చివరికి 'చాలు, చాలు' అని బతిమాలుకున్నారట."

"ఎవురు చెప్పినారు?"

"అందరూ అనుకుంటున్నారు కదా."

తొంభై ఎనిమిది. తొంభై తొమ్మిది.

కాంచన కాలితో యూపీఎస్ స్విచ్ తన్నింది. రెండు స్క్రీన్లూ నల్లబడ్డాయి.

స్మిత గట్టిగా నవ్వింది. "పిచ్చిదానా! ఇంకొక్క శాతం పూర్తయితే నా పెన్‌డ్రైవ్ మీ నెట్‌వర్క్ మొత్తం మా వాళ్ళకు అప్పజెప్పేది. సరే, అది తప్పించావు. కానీ నేను చేసింది కట్. నీ మొగుడి గొంతు పాతదాంట్లో తుడుచుకుపోయింది, మధ్యలో ఆపావు కాబట్టి కొత్తదాంట్లోనూ పడలేదు!"

"నువ్వు చేసింది కట్. నేను ఆయన మైక్ సంగతి తెలిసి నిన్ననే ఈడికొచ్చి కాపీ చేసుకున్నా. లాక్ పాస్‌వర్డ్ మా పాప పేరే."

స్మిత ముఖంలో రంగు పోయింది. ఉంగరం రాయి టక్కున తెరుచుకుంది, సూది బయటికొచ్చింది. ఆమె ఎగిరి దూకింది. కాంచన ఆ మణికట్టు అందుకుని వెనక్కి మెలిపెట్టింది. సూదిమొన స్మిత మెడకే ఆనుకుంది.

నేర్చుకున్న తెలుగంతా ఎగిరిపోయి, స్మిత నోట్లోంచి కన్నడం ఊడిపడింది.

"సాకు! సాకు!"

"ఆ! ఇప్పుడు సరిగ్గా అన్న్యావు," అంది కాంచన పళ్ళ మధ్య నుంచి. "మైక్‌లో ఉండేది ఆ ఒక్క మాటే. నేను ఎవురికీ చెప్పలేదు, సార్‌కు కూడా. ఇంగ ఆ మాట ఇనింది సూది గుచ్చిన మనిషే. కన్నడంలో సాకు అంటే చాలు. నువ్వు దాన్ని కన్నడం అనుకొని, తెలుగులో 'చాలు' అని మార్చినావు. ఆయన నిన్ను బతిమాలలేదే. నాకు చెప్పినాడు. పాపను సాకు అని."

సూది చర్మాన్ని లోపలికి నొక్కింది. ఇంకొక్క వెంట్రుకవాసి.

"కాంచనా!" తలుపు దగ్గర కోదండరామ. "వద్దమ్మా. దాన్ని పంపినోళ్ళ పేర్లు కావల్ల మనకు."

కాంచన సూదిని మెడ నుంచి పక్కకు తిప్పింది. తర్వాత ఆమె ఉంగరం లాగేసి, రెండు కంప్యూటర్లకూ మధ్య ఉన్న కేబుల్ పీకి, దాంతోనే స్మిత చేతులు వెనక్కి విరిచి కట్టింది. ఎముక నొచ్చేదాకా బిగించింది.

"భయపడొద్దు. చంపనులే. ఆయన సాకమన్న్యాడు కదా," అంది ముడి వేస్తూ. "పాపను నేను సాకుతా. నిన్ను జైల్లో సర్కారు సాకుతాది."