పచ్చ పట్టీ అంటించిన టేపు

పెట్రోలు కరువొచ్చి, ఆదివారాలు కార్లు రోడ్డెక్కకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టిన రోజులు. అలాంటి ఓ ఆదివారం హామెల్న్ ఊళ్ళో డిటెక్టివ్ ఇర్మెలా ష్ట్రో తలుపు తట్టినవాడు సైకిల్ మీద వచ్చాడు. గడ్డం నిండా మంచు, కళ్ళ నిండా భయం. పేరు గెర్నోట్. వెసర్ నది ఒడ్డున మూతబడ్డ పాలడెయిరీలో కాపురముంటున్న సంగీత బృందంలో సింథసైజర్ వాయిస్తాడు.

"అల్మూట్ గొంతు పోయిందండీ."

"జలుబా?" అంది ఇర్మెలా.

"అల్మూటే పోయింది. నా భార్య. అక్టోబర్లో. ఆమె పాడిన టేపు ఒక్కటే మిగిలింది. నా కుర్చీ పక్కన, చేతికందే అరలో పెట్టుకున్నాను. నిన్న తీసి చూస్తే డబ్బా ఖాళీ."

"డబ్బా మీద పేరుందా?"

"మా ఇంట్లో దేనిమీదా పేరు రాయం. రాస్తే సొంత ఆస్తి అయిపోతుంది. ఆ నియమం నేనే పెట్టాను. అల్మూట్ మాత్రం టేపు మొదట్లో చిన్న పచ్చ పట్టీ అంటించింది. 'ఇది పేరు కాదులే, బొట్టంత గుర్తు' అని నవ్వింది. ఎలాగైనా వెతికిపెట్టండి. ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు."

ఇర్మెలా కోటు తొడుక్కుంది. కూనిరాగం తప్ప సంగీతం ఎరగని ఆమె సహాయకుడు కూనో, మూసిన డబ్బాలోది కూడా ఈవిడకు కనబడుతుందన్న నమ్మకంతో సైకిల్ తీశాడు.

సొంతమన్న మాట సాంతం నిషిద్ధమైన ఇల్లది. తాళం డ్రమ్ముల దగ్గరే గాని తలుపులకు లేదు. పాటలకన్నా పాట్లెక్కువని పొయ్యి మీది మసూర్‌పప్పు సూపే చెబుతోంది. పెద్ద గదిలో కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. ఆ మూలొక రికార్డింగ్ మెషిను, ఈ మూలొకటి. రెంటి మధ్యా గాల్లో టేపు. కూనో మెడ దానికి తగలబోయింది.

"ఇదేంటండీ, బట్టలారేసే తీగా?"

"మెడ జాగ్రత్త బాబూ," అన్నాడు డ్రమ్ములు వాయించే డెట్లెఫ్. "మేం వాయించింది ఆ మెషిన్ ఎక్కించుకుంటుంది. అదే టేపు కాసేపటికి ఈ మెషిన్లోకొచ్చి మళ్ళీ వినబడుతుంది. మాకు మేమే జవాబు చెప్పుకుంటాం."

"జవాబు చెప్పేది అక్కడొక్కచోటే," అంది బేస్ గిటార్ వాయించే యుట్టా, సూపు కలుపుతూ. "గిన్నెలెవరు తోముతారంటే పలికేవాడుండడు."

ఇర్మెలా డెట్లెఫ్ వైపు తిరిగింది. "అల్మూట్ టేపు మీరడిగారని గెర్నోట్ గారు దారిలో చెప్పారు. ఎందుకు?"

"హాంబర్గ్‌లో రికార్డు వేయిద్దామన్నాను. వీడు వద్దన్నాడు. అప్పట్నుంచీ నన్ను దొంగని చూసినట్టు చూస్తున్నాడు. దొంగతనానికి ముందు ఒకడి సొత్తంటూ ఉండాలి కదండీ. అదెక్కడుందిక్కడ?"

"ఆమె పోయాక మళ్ళీ మొదట ఎప్పుడు వాయించారు?"

యుట్టా గరిటె ఆపింది. "మట్టి చేసొచ్చిన మధ్యాహ్నమే. ఏడవడం చేతకాక వాయించాం. కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. కొవ్వొత్తి కూడా వద్దన్నాం."

"టేపెవరు పెట్టారు?"

"ఎవరి చెయ్యి ముందందితే వాళ్ళు. కొత్తది కొనం, పాతదాని మీదే ఎక్కిస్తాం. ఎక్కినకొద్దీ పాతది చెరిగిపోతుంది."

"తర్వాత మార్చారా?"

"ఎందుకూ? అయిపోగానే వెనక్కి చుట్టి మళ్ళీ అదే. ఇప్పుడున్నదీ అదే."

ఇర్మెలా ముగ్గురినీ కూర్చోమంది. కిటికీ దుప్పటి లాగేసింది. ఆ గదిలోకి ఎన్నాళ్ళకో ఎండ వచ్చింది. ఆమె సైగ చేస్తే కూనో రెండో మెషిన్ చక్రానికి చుట్టుకున్న టేపును మెల్లగా విప్పాడు. చివరి చుట్టు ఊడి అతని వేలి మీద పడింది. లోపలి కొసన, టేపు మొదలయ్యే చోట, పచ్చ పట్టీ.



"దొంగ లేడు," అంది ఇర్మెలా. "చీకట్లో డెట్లెఫ్ డ్రమ్ములు దాటి ఆ అర దాకా రాలేడు. యుట్టా గిటార్ వైరు అంత పొడుగు లేదు. కుర్చీలోంచి లేవకుండా అందుకోగలిగింది మీరొక్కరే, గెర్నోట్ గారూ. ఆ రోజు మీ చెయ్యి అలవాటుగా ఆవిడ టేపు మీదికే వెళ్ళింది. ఖాళీ డబ్బా మళ్ళీ అరలో పెట్టిందీ మీరే. ఆనాటినుంచి ప్రతిరోజూ ఆవిడ గొంతు మీదే వాయిస్తున్నారు."

"నేను ఆవిడ కోసమే వాయించానండీ," అన్నాడు గెర్నోట్.

"ఒరేయ్," అన్నాడు డెట్లెఫ్. వెళ్ళి అతని పక్కన నేలమీద కూర్చున్నాడు.

గొంతు సవరించుకుని కూనో అడిగాడు: "మేడమ్, అంతా చెరిగిపోయినట్టేనా?"

"రెండో మెషిన్‌కు అందించాలంటే టేపు మొదటి ముక్కను, మొదటి మెషిన్లో పాతది చెరిపే చోటు దాటించి లాగాలి. ఈ గదికి అడ్డంగా పట్టేటంత. అంతవరకే చెరగకుండా మిగిలుండాలి."

యుట్టా టేపును మొదటికి చుట్టి మీట నొక్కింది. గరగర. కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో ఊపిరి తీసుకున్నారు. తర్వాత నవ్వుతో కలిసి ఒక ఆడగొంతు:

"గెర్నోట్, తిరుగుతోందా?"

"తిరుగుతోంది," అన్నాడు గెర్నోట్.

ఆ వెంటనే మెషిన్లోంచి అతని సింథసైజరే హోరెత్తి, ఆ జవాబును కూడా ముంచేసింది.