శనివారం సరుకు

స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. ఎదురుగా నిలబడ్డ భ్రమరాంబ అలా చూస్తూనే ఉంది. కోడలు రమాదేవి పరుగున వచ్చి స్టవ్ ఆపి, అత్తగారి చేతిలోని మసిగుడ్డ లాక్కుంది.

"మీరు కూర్చోండి అత్తయ్యా, నేను చూసుకుంటాగా."

మావగారు పోయిన ఈ ఎనిమిది నెలల్లో ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. అత్తగారిని కాలు కింద పెట్టనివ్వకుండా చూసుకుంటున్నానని రమాదేవికి కాస్త గర్వం కూడా. చిలకలపూడిలో ముప్పై ఏళ్లు గిల్టు బుట్టకమ్మలకు జతలు చూసింది భ్రమరాంబ. కుప్పలోంచి ఒకదానికొకటి సరిపోయేవి ఏరి కట్టడం ఆవిడ పని. ముసలావిడ చేత ఇంకా పని చేయిస్తున్నారని నలుగురూ అంటారని రమాదేవే మాన్పించింది.

ఇప్పుడేమో ఆవిడ అడిగిందే అడుగుతోంది. టిఫిన్ తింటూ చలపతిరావు తల్లిని పరీక్షించాడు.

"అమ్మా, ఇవాళ ఏ వారం?"

"గురువారమండీ," అంది రమాదేవి.

"నిన్ను కాదు."

భ్రమరాంబ తెలియదంది.

"గేటుకి తాళం వేసి ఉంచు రమా. అమ్మ బయటికెళ్తే తిరిగొచ్చే దారి మర్చిపోతుంది."

భ్రమరాంబ తలెత్తింది. "వారాలు నాకెలా తెలుస్తాయిరా? సోమవారం సరుకొచ్చేది, శనివారం ఇచ్చేవాళ్లం. ఇప్పుడన్నీ ఒకటే. నేను నోరు తెరిచేలోపు అమ్మాయే చెప్పేస్తుంది. ఇందాక పాలు పొంగడం చూశాను. ఆపబోతే వద్దంటుందేమోనని ఆగిపోయాను."

రమాదేవి వడ్డించడం ఆపింది. ప్రేమ అనుకుని తాను చేసిందంతా ఇదా?

మధ్యాహ్నం అత్తగారిని తనే, జతలు కట్టడానికి సరుకిచ్చే లక్ష్మయ్య ఇంటి వరండాకి తీసుకెళ్లింది. జతలు కడుతున్న ఆడవాళ్లు జరిగి చోటిచ్చారు. కబుర్ల మధ్యే భ్రమరాంబ ఒక జత తీసి పక్కన పెట్టింది.

"ఇది దీనికి జత కాదే. కొక్కెం చూడు, రవ్వంత వంకర."

రమాదేవికి రెండూ ఒకేలా కనిపించాయి. లక్ష్మయ్య భూతద్దం పెట్టి చూసి, నిజమేనన్నాడు.

మతిమరుపు మాయమైపోలేదు. ఆ సాయంత్రం కూడా భ్రమరాంబ ఒకే సంగతి రెండుసార్లు అడిగింది. రమాదేవి రెండుసార్లూ చెప్పింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే మళ్లీ పాలు పైకొచ్చాయి. రమాదేవి కదలబోయి, గడప దగ్గరే ఆగింది. భ్రమరాంబ మంట తగ్గించి, గిన్నె దింపింది.

"కాఫీ తొందరగా కలుపుతానమ్మాయ్. ఇవాళ శనివారం, సరుకివ్వాలి."

రమాదేవి కళ్లు తుడుచుకుని, గేటు తాళం తీయడానికి వెళ్లింది.