తెంపబోయిన పోగు

సిద్దిపేటలోని ఆ వాడకు కోడి కూతతో పనిలేదు. పొద్దున్నే కొమురవ్వ అరుపు చాలు. ఆ రోజు కూడా పల్లీల చట్నీ సగం నలిగాక వోల్టేజీ పడిపోయి, మిక్సీ ఆగింది.

"శివా, నీ మిషన్లు బందు పెట్టురా. చట్నీ గిట్లనే ఉండిపోయింది."

"బందు పెట్టరాదమ్మా. ప్రపంచం లెక్కంత వాటి మీదనే నడుస్తది."

"ప్రపంచానికి చట్నీ వద్దా?"

డిగ్రీ చదివిన శివ మగ్గం గదిలో ఒక పక్క మిషన్లు పెట్టి బ్లాక్‌చైన్ లెక్కలు చేయిస్తున్నాడు. అందుకు ఫోన్లో నాణేలు పడతాయట. ఆ నాణేలను కొమురవ్వ ఇంతవరకు చూడలేదు. వేడిని మాత్రం రోజూ చూస్తోంది. ఇంకో పక్క ఆమె భర్త భూపతి, చెమట తుడుచుకుంటూ గుంట మగ్గం మీద గొల్లభామ చీరలు నేస్తాడు.

పొద్దుటి చాయ్ వేళకు కొమురవ్వ తమ్ముడు రాజమల్లయ్య వచ్చాడు. వస్తూనే ఒక అప్పడం తీసుకెళ్లి మిషన్ మీద పెట్టాడు.

"ఏం చేస్తున్నవ్ మామా?"

"కాలుతదా అని చూస్తున్న. కాలుతలేదు అల్లుడు. ఇంకో నాలుగు కొను, పెండ్లి వంటలు పట్టుకుందాం."

"నవ్వు, నవ్వు. చిప్‌లు చేసే కంపెనీలు ఇప్పుడు గీ చైన్ కోసమే కొత్త చిప్‌లు చేస్తున్నయి. గిరాకీ లేకుంటే చేస్తరా? పాతయి ఇగ గిట్టవు. రేపు గజ్వేల్ నుంచి కొత్తయి వస్తున్నయి."

"చిన్నకోడూరుల బోర్లు యాదికున్నయా? నీళ్లు కొందరికే పడ్డయి. బోరు బండోడు మాత్రం పడ్డా, పడకున్నా బాగుపడ్డడు. చిప్‌లు చేసేటోడు బండోడు అల్లుడు. నువ్వు చేన్ల నిలవడ్డోనివి."

"కొత్తయి ఏడ పెడ్తవ్?" అంది కొమురవ్వ.

శివ తన నాన్న ముఖం చూడకుండా మగ్గం వైపు చూశాడు.

కొమురవ్వకు అర్థమైంది. "ముందుగాల నీ చైన్ ఏందో చెప్పు," అంది.

"ఒక లెక్కల పెట్టెను దాని ముందరి పెట్టెకు ముడేస్తరు. మొదటి నుంచి గట్లనే. నడుమ తెంపితే మొత్తం ఖరాబైతది."

"మరి మీ బాపు మగ్గం మీద ఉన్నదేంది?"

భూపతి మగ్గం ఎప్పుడూ ఖాళీ కాలేదు. చీర అయిపోయాక పాత పడుగు నిలువు పోగుల కొసలు మగ్గం అచ్చులోనే ఉంచి, కొత్త పోగులను వాటికి అతుకుతారు. వాళ్ల నాన్న నాటి నుంచి అదే వరస. మగ్గం తీయాలంటే ఆ పోగులు తెంపాలి.

"మీ తాత అతుకు మీద మీ బాపు అతుకు ఉన్నది. తెంపుతవా?"

"బాపు కండ్లు మసకబడ్డయి. ఇంకెన్నాళ్లు నేస్తడమ్మా? ఆయన అతుకు మీద ఎవలు అతుకుతరు?"

చాయ్ గ్లాసు పక్కన పెట్టి భూపతి లేచాడు.

"లొల్లి ఆపున్రి. పోరడన్నది నిజమే. వాడు తెంపుడెందుకు, నేనే తెంపుత."

గూట్లోని కత్తెర తీసుకుని గుంటలోకి దిగాడు. శివ గడపలో నిలబడి ఎదురుచూశాడు. ఎంతసేపటికీ నాన్న గుంటలోంచి పైకి రాలేదు. దగ్గరికి వెళ్లి వంగి చూశాడు.

కత్తెర నాన్న ఒళ్లో ఉంది. వేడికి ఎండి తెగిన ఒక పోగు కొసను కళ్లకు దగ్గరగా పట్టుకుని, జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని, ఆయన నెమ్మదిగా మెలిపెడుతున్నాడు.

"తెంపుతనని కూసుంటివి గదా బాపు. మళ్ల అతుకుతున్నవేంది?"

భూపతి తన వేళ్లను తానే కొత్తగా చూసుకున్నాడు.

"తెగింది కండ్ల పడ్డది బిడ్డా. చెయ్యి ఊకుంటలేదు."

శివ వెళ్లి మిషన్లు ఒక్కొక్కటిగా ఆపేశాడు. హోరు ఆగాకే, నాన్న ఎంత ఆయాసంతో ఊపిరి తీస్తున్నాడో అతనికి వినబడింది. ఇన్నాళ్లూ అదే గదిలో ఉండి కూడా వినలేదు. కళ్లు తుడుచుకుని గజ్వేల్‌లో మిషన్లు అమ్మేవాడికి ఫోన్ చేశాడు.

"అన్నా, కొత్తయి పంపకు. ఇంట్ల జాగ లేదు."

తర్వాత వచ్చి గుంట అంచున కూర్చున్నాడు. "ఎట్ల అతుకుతరో చూపియ్యి బాపు."

"బూడిద రాస్కో. గట్టిగ గుంజకు, పోగు నొస్తది."

వంటింట్లో మిక్సీ గుర్రుమంది. కొమురవ్వ కొంగుతో ముఖం తుడుచుకుని, "చట్నీ అయింది. తిన్నంక అతుకున్రి," అని కసిరింది.

రాజమల్లయ్య మిషన్ మీది పచ్చి అప్పడం తీసి అక్క చేతికిచ్చాడు.

"గిది పొయ్యి మీదనన్న కాల్చక్కా."